‘మనిషి కోతి నుంచి పుట్టాడు’: దోషం ఏ పదంలో ఉంది?

సభ్యులకు నమస్కారం. ‘మనిషి కోతి నుంచి పుట్టాడు’ అన్న వాక్యం శాస్త్రవిరుద్ధం కనుక అందులో ‘కోతి’ని తొలగించి, చింపాంజీ, గొరిల్లా వంటి వాటికి వాడే ‘నరవానరం’ అన్న మాట రాయాలని పైన ఒక సభ్యులు సూచించారు. వాక్యాన్ని మార్చాలన్న మాటతో నేనూ ఏకీభవిస్తాను. అయితే మార్చవలసింది మొదట ‘కోతి’ని కాదనీ, అసలు చిక్కంతా ‘నుంచి పుట్టాడు’ అన్న చివరి రెండు మాటల్లో ఉందనీ నా అభిప్రాయం.

పుట్టడం ఒక ప్రాణికి ఒక్కసారి జరిగేది. జాతి అలా పుట్టదు. ఒక ప్రాణిసమూహంలో వేల తరాల పాటు చిన్న చిన్న మార్పులు పోగుపడుతూ పోతాయే తప్ప, ఏ ఒక్క తరంలోనూ తల్లి ఒక జాతికీ బిడ్డ మరొక జాతికీ చెందడం జరగలేదు. దీన్ని గమనించిన కొందరు ‘కోతి మనిషిగా మారింది’ అని సవరించి రాస్తున్నారు కానీ, అది ఇంకా పెద్ద చిక్కు తెస్తుంది. తెలుగులో ఒకటి మరొకటిగా ‘మారింది’ అంటే మొదటిది ఇక మిగలలేదని అర్థం వస్తుంది. ‘అయితే ఇప్పటికీ కోతులు ఎందుకున్నాయి?’ అని పిల్లలు అడిగే ప్రశ్న వాళ్ల అజ్ఞానం వల్ల పుట్టింది కాదు, మనం రాసిన క్రియాపదం వల్ల పుట్టింది. జరిగినది రూపాంతరం కాదు, చీలిక. మనుషుల వంశమూ చింపాంజీల వంశమూ సుమారు 60–70 లక్షల ఏళ్ల కిందట వేరుపడ్డాయి. అప్పటి నుంచి మనం ఎంత కాలం మారుతూ వచ్చామో చింపాంజీలూ అంతే కాలం మారుతూ వచ్చాయి. చింపాంజీలను పోలిన బొనోబోలు వాటి నుంచి విడివడింది ఆ తరువాతే. కనుక నేటి చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. ఒకే మూలపురుషుడి ఆస్తిలో వాటా ఉన్నవారిని చెప్పే ఈ మాట మన భాషలో ఎప్పటి నుంచో ఉండగా, పరిణామశాస్త్రం రాసేవారు దాన్ని వాడకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇక ‘కోతి’ సంగతి. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్, గిబ్బన్‌లను ఇంగ్లీషు ఒక పేరుతోనూ (ఏప్), తోకలున్న కోతులను మరొక పేరుతోనూ (మంకీ) పిలుస్తుంది. తెలుగులో ఆ విభజన లేదు కనుక మన భాషకు లోటు ఉన్నట్టు కొందరు భావిస్తున్నారు. వంశవృక్షాన్ని చూస్తే ఆ నింద నిలవదు. మనుషులు, చింపాంజీలు మొదలైన వాటి శాఖ, ఆసియా, ఆఫ్రికా ఖండాల కోతుల శాఖ నుంచి వేరుపడింది దాదాపు 2.5–3 కోట్ల ఏళ్ల కిందట. ఈ రెండింటి ఉమ్మడి శాఖ అమెరికా ఖండాల కోతుల నుంచి వేరుపడింది అంతకన్నా చాలా ముందు. అంటే మకాక్ కోతికి, దక్షిణ అమెరికాలోని కోతికన్నా మనిషే దగ్గరి చుట్టం. ఆ రెంటినీ ‘కోతులు’ అని ఒకే గుంపుగా పిలిచేవారు, వంశక్రమాన్ని బట్టి చూస్తే, చింపాంజీనీ మనిషినీ ఆ గుంపు నుంచి బయటికి నెట్టలేరు. ఈజిప్టులోని ఫయ్యూమ్ ప్రాంతంలో దొరికిన సుమారు 3 కోట్ల ఏళ్ల నాటి ఈజిప్టోపిథికస్ నాలుగు కాళ్లతో కొమ్మల మీద నడిచిన జంతువు. దాన్ని ఎవరికి చూపినా కోతి అనే అంటారు. అంత వెనక్కి వెళ్లి మాట్లాడుతున్నప్పుడు, మన పూర్వికులు ఒకనాటి కోతులే అనడంలో దోషమేమీ లేదు.

ఇక్కడ సంస్కృత నిఘంటువైన అమరకోశాన్ని తలచుకోవడం అప్రస్తుతం కాదు. కపి, ప్లవంగ, ప్లవగ, శాఖామృగ, వలీముఖ, మర్కట, వానర, కీశ, వనౌక అని అందులో పర్యాయపదాలున్నాయి. వీటిలో ప్లవంగ, ప్లవగ శబ్దాలు గెంతుతూ పోయేదని చెబుతాయి, శాఖామృగం కొమ్మల మీద తిరిగే మృగం. పేరు పెట్టినవారు ఆ జంతువు కదలికను శ్రద్ధగా చూశారు. సరిగ్గా ఆ కదలిక దగ్గరే కోతుల శాఖా, గిబ్బన్, చింపాంజీ, మనుషుల శాఖా వేరవుతాయి. కోతి అరచేతులు ఆనించి కొమ్మ పైన పరుగెత్తి గెంతుతుంది, గిబ్బన్ కొమ్మ కింద చేతులతో వేలాడుతూ సాగుతుంది. అలా వేలాడే శాఖలో ఛాతీ వెడల్పై, భుజం కీలు అన్ని వైపులకూ తిరిగేలా అమరింది. మనం చేయి తలపైకెత్తి గుండ్రంగా తిప్పగలగడం ఆ వారసత్వమే. తోక పోవడమూ ఈ శాఖ లక్షణమే. ఒక జన్యువులో చొరబడిన చిన్న డీఎన్ఏ ముక్కకు ఇందులో పాత్ర ఉందని 2024లో ప్రచురితమైన పరిశోధన చూపింది. అయితే తోక ఒక్కటే గుర్తు కాదు. బార్బరీ మకాక్‌కు బయటికి కనిపించే తోక లేకున్నా అది కోతే.

ప్రవర్తన గురించి రాసేటప్పుడు మాత్రం వేరు మాటలు తప్పనిసరి అని ఒప్పుకుంటాను. 1953లో జపాన్‌లోని కోషిమా దీవిలో ఇమో అనే పేరు పెట్టిన పడుచు మకాక్ కోతి చిలగడదుంపలను నీటిలో కడిగి తినడాన్ని పరిశోధకులు గమనించారు. 1960లో టాంజానియాలోని గోంబే అడవిలో పరిశోధకురాలు జేన్ గూడాల్, చింపాంజీలు పుల్లలతో చెదపురుగులను బయటికి తీసుకోవడం చూశారు. రెండింటినీ ‘కోతులు’ అని రాస్తే పాఠకుడు ఒకే రకం సమాజాన్ని ఊహించుకుంటాడు. మకాక్‌లలో ఆడవి పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, తల్లి హోదా కూతురికి దక్కుతుంది, మగవి ఎదిగాక వెళ్లిపోతాయి. చింపాంజీలలో మగవి ఉండిపోతాయి, సాధారణంగా ఆడవి వేరే గుంపులకు వెళతాయి. తొలి మానవ సమాజాల గురించి ఊహలు చేసేవారికి ఈ తేడా కీలకమైనది.

మరి ‘నరవానరం’ పనికిరాదా? ఆ సమాసం సగం నరుడు, సగం వానరం అన్న భావాన్ని కలిగిస్తుంది. చింపాంజీ సగంలో ఆగిపోయిన మనిషి కాదు. పైగా దానికి గొరిల్లాకన్నా మనిషే దగ్గర. 2005లో ప్రచురించిన చింపాంజీ జన్యుక్రమం ప్రకారం, పక్కపక్కన పెట్టి పోల్చగల డీఎన్ఏ అక్షరాలలో మనిషికీ చింపాంజీకీ ఉన్న తేడా సుమారు 1.2 శాతం. కనుక గొరిల్లానూ చింపాంజీనీ ఒక పేరు కింద చేర్చి మనిషిని విడిగా నిలబెట్టే ఏ పదమూ వంశక్రమాన్ని చెప్పదు. ‘నరవానరం’ అన్న అదే మాటను 1974లో ఇథియోపియాలో దొరికిన, మనిషి వంశానికి చెందిన ‘లూసీ’ అనే శిలాజానికి కూడా వాడితే, 32 లక్షల ఏళ్ల కిందటే రెండు కాళ్లపై నడిచిన జీవిని గొరిల్లాతో కలిపేసినట్టవుతుంది. అందువల్ల ‘తోకలేని వానరాలు’ అన్న వర్ణనే, బార్బరీ మకాక్ అనే మినహాయింపు ఉన్నప్పటికీ, నాకు మేలనిపిస్తుంది. అవసరమైన చోట గొరిల్లా అనో గిబ్బన్ అనో పేరు పెట్టి రాయడం ఇంకా మేలు.

నా సూచన ఇది: ‘మనుషులకూ చింపాంజీలకూ పూర్వికులైన తోకలేని వానరాలు సుమారు 60–70 లక్షల ఏళ్ల కిందట ఆఫ్రికాలో జీవించాయి.’ ఇక్కడ ‘పూర్వికుడు’ అని ఏకవచనం రాయవచ్చా అని మరొక సభ్యులు అడిగారు. రాయకూడదనే నా మనవి. విడిపోయింది ఒక జంట సంతానం కాదు, వేల ప్రాణులున్న సమూహం. అవి పూర్తిగా వేరుపడడానికి కూడా ఎంతో కాలం పట్టి ఉంటుంది.