లావు మొద్దులను తక్కువ శ్రమతో చీల్చడం, చీల్చిన కట్టెలు త్వరగా ఎండేలా పేర్చడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. గాలివానకు కూలిన ఒక పెద్ద చెట్టును రంపంతో కోయించి, మొద్దులుగా చేసి పెట్టుకున్నాను. మాను అడుగు భాగం నుంచి వచ్చిన మొద్దులు రెండు చేతులా కౌగిలించినా అందనంత లావుగా ఉన్నాయి. పైకొమ్మల దుంగలు మాత్రం మోచేతి లావుకు మించవు. వీటినన్నింటినీ పొయ్యిలోకి కట్టెలుగా వాడుకోవాలని నా ఉద్దేశం. గొడ్డలి పట్టడం నాకు అలవాటే గాని, ఇంత లావు మొద్దులను చీల్చే పని ఇంతకు ముందు పడలేదు. నడిమధ్యన ఎంత బలంగా కొట్టినా గొడ్డలి ఇరుక్కుపోతోందే తప్ప మొద్దు విచ్చుకోవడం లేదు.

పచ్చిగా ఉండగానే చీల్చాలా, లేక కొంత ఎండనిచ్చి చీల్చాలా అన్నది నా మొదటి సందేహం. చీల్చిన తరువాత ఎలా పేర్చాలన్నది రెండవది. టార్పాలిన్‌తో నేల దాకా కప్పి ఉంచమని కొందరు, అసలు కప్పనే వద్దని కొందరు చెబుతున్నారు. ఏది చేయాలో మాత్రమే కాక, ఎందుకు చేయాలో కూడా వివరిస్తే నా పరిస్థితికి తగ్గట్టు నిర్ణయించుకోగలను.

మొదటి సమాధానం

మీ మొద్దు విచ్చుకోకపోవడానికి కారణం దెబ్బలో బలం చాలకపోవడం కాదు, దెబ్బ పడుతున్న చోటు. నడిమధ్యన కొట్టినప్పుడు గొడ్డలి తనకు రెండు వైపులా ఉన్న చెక్కను పక్కలకు నెట్టవలసి వస్తుంది. అటూ ఇటూ జానెడేసి మందం పట్టి ఉన్నప్పుడు ఆ చెక్క కదలదు సరికదా, గొడ్డలినే బిగించి పట్టుకుంటుంది. అదే దెబ్బను అంచు నుంచి మూడు నాలుగు అంగుళాల లోపలికి వేసి చూడండి. బయటివైపు చెక్క పలచగా ఉంటుంది కాబట్టి వంగి, పలకలాగా ఊడి వస్తుంది. ఈ విధంగా మొద్దు చుట్టూ మీరే తిరుగుతూ అంచుల నుంచి ఒక్కొక్క పలకా ఊడగొట్టుకుంటూ పోతే, చివరికి మిగిలే నడిమి భాగం మామూలు దుంగంత లావుకు వస్తుంది. అప్పుడు దానిని నిశ్చింతగా నడిమికి చీల్చవచ్చు. మొద్దును తిప్పే శ్రమ కూడా ఉండదు.

దెబ్బ వేయబోయే ముందు, కోసిన ముఖాన్ని కాసేపు పరిశీలనగా చూడండి. కోసి కొన్నాళ్ళైన మొద్దు మీద నడి నుంచి బెరడు వైపుకు సాగే సన్నని పగుళ్ళు కనిపిస్తాయి. చెక్క ఎండేటప్పుడు వలయాల వెంబడి జరిగే సంకోచం, నడి నుంచి బెరడు దిశగా జరిగే సంకోచానికి దాదాపు రెండింతలు ఉంటుంది. ఆ తేడా వల్ల పుట్టే లాగుడుకు చెక్క తనంతట తానే చీలడం మొదలుపెడుతుంది. సగం పని మీకు ముందే జరిగి ఉన్నదన్నమాట. బెరడు దాకా వచ్చిన పగులు ఒక్కటి దొరికినా, ఆ పగులు మీదనే, అంచుకు దగ్గరగా కొట్టండి. మొద్దు ఒంటి మీద కొమ్మ ముడులు ఎక్కడున్నాయో కూడా చూసుకోవాలి. ముడిలో నార అడ్డం తిరిగి ఉంటుంది కాబట్టి దాని గుండా చీల్చబోవడం వృథా శ్రమ. ముడి మొత్తం ఒకే ముక్కలో ఉండిపోయేలా దానికి పక్కగా దారి వెతుక్కోవాలి.

పచ్చిదా ఎండినదా అన్న ప్రశ్నకు నా సమాధానం: చాలా రకాల చెట్లకు పచ్చిగా ఉండగానే చీల్చడం మేలు. పచ్చి చెక్కలో నార మెత్తగా ఉండి సులభంగా విడిపోతుంది. ముఖ్యంగా నీలగిరి వంటివి ఎండిన కొద్దీ రాయిలా బిగుసుకుపోతాయి. పైగా, చీల్చకుండా ఉంచిన మొద్దు లోపల ఎండడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది కాబట్టి ఆలస్యం చేసినందువల్ల కలిసివచ్చేది తక్కువ.

పనిముట్టు విషయంలో ఒక మాట. చెట్టు నరికే గొడ్డలికి అంచు సన్నగా, బుగ్గలు (తలకు రెండు పక్కల భాగాలు) పలచగా ఉంటాయి. అది లోతుగా దిగుతుంది గాని చెక్కను విడదీయదు. చీల్చడానికి బుగ్గలు లావుగా, తల రెండున్నర నుంచి మూడున్నర కిలోల మధ్య ఉండే గొడ్డలి కావాలి. అంతకన్నా బరువైనది మంచిదనుకోవద్దు. తల బరువు రెట్టింపైతే దెబ్బలోని శక్తి రెట్టింపే అవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. అందువల్ల మీరు తేలికగా, వేగంగా తిప్పగల బరువే మీకు సరైన బరువు. గొడ్డలి ఇరుక్కున్నప్పుడు దాని వెనుక తల మీద సమ్మెటతో కొట్టడం మాత్రం ఎంతమాత్రం చేయకండి. కామ దూర్చే కన్ను సాగిపోతుంది, ఉక్కు పెచ్చులు కంటిలోకి ఎగురుతాయి. అటువంటి మొద్దులకు లావుపాటి ఇనుప మేకులు (ఒక చివర లావుగా, మరో చివర పలచగా ఉండి చెక్కను విడదీసేవి) రెండు దగ్గర ఉంచుకుని, ఒకటి దిగిన పగులులో రెండవది పెట్టి సమ్మెటతో కొట్టాలి. ఏ పద్ధతిలో చేసినా కళ్ళద్దాలు, గట్టి బూట్లు తప్పనిసరి.

దుంగను నేల మీద కాక, మోకాలికి కాస్త తక్కువ ఎత్తున్న వెడల్పాటి మొద్దు మీద, మీకు దూరంగా ఉండే అంచు వైపుకు నిలబెట్టండి. అప్పుడు దెబ్బ తప్పినా గొడ్డలి అడుగు మొద్దులో దిగుతుంది గాని మీ కాళ్ళ వైపుకు రాదు. దెబ్బ దిగే క్షణంలో మోకాళ్ళు వంచితే గొడ్డలి వంపు తిరగకుండా నిటారుగా దిగుతుంది. చిన్న దుంగలకైతే అడుగు మొద్దు మీద పాత టైరు ఒకటి బిగించి, దాని నడుమ నాలుగైదు దుంగలు ఒకేసారి నిలబెట్టి వరుసగా కొట్టుకుంటూ పోవచ్చు. ముక్కలు చెదిరిపోవు కాబట్టి ప్రతి దెబ్బకూ వంగి ఏరుకోనవసరం లేదు. నా దృష్టిలో నడుముకు ఇంతకు మించిన ఉపకారం మరొకటి లేదు.

రెండవ సమాధానం

చీల్చడం గురించి పైవారు చక్కగా వివరించారు కాబట్టి నేను పేర్చడానికే పరిమితమవుతాను. ముందుగా ఎండడం ఎందుకంత ముఖ్యమో చూద్దాం. అప్పుడే కొట్టిన చెట్టు కట్టెలో బరువుకు సగం దాకా నీరే ఉండవచ్చు. పొయ్యిలో పెట్టే నాటికి అది 20 శాతానికి లోపు దిగాలి. సగం నీరున్న పది కిలోల కట్టెలో నికరమైన చెక్క ఐదు కిలోలు, దాని వేడి సుమారు 90 మెగాజౌళ్ళు. మిగతా ఐదు కిలోల నీటిని ఆవిరి చేయడానికే అందులో పన్నెండు మెగాజౌళ్ళకు పైగా పోతుంది. అయితే అసలు నష్టం ఇది కాదు. నీరు ఆవిరయ్యేంత సేపూ మంట చల్లబడి ఉంటుంది. చెక్క నుంచి వెలువడే వాయువులు మండకుండానే పొగగా వెళ్ళిపోయి, పొగగొట్టంలో జిగటగా పేరుకుంటాయి. ఆ పేరుకున్న పదార్థం ఒక్కోసారి అంటుకుని గొట్టంలోనే మంటలు లేస్తాయి.

చెక్కలోని తేమ కోసిన చివరల గుండా పోయినంత వేగంగా పక్కల గుండా పోదు. నార వెంబడి తేమ కదిలే వేగం, నారకు అడ్డంగా కదిలే వేగానికి పది పదిహేను రెట్లు ఉంటుంది. బెరడు గుండా తేమ దాదాపుగా బయటికి రాదనే చెప్పవచ్చు. పొట్టిగా కోయడం, బెరడు చుట్టూ మూసి ఉండకుండా చీల్చడం అనే రెండు పనులూ ఇందుకోసమే. మీ పైకొమ్మల దుంగలు సన్ననివే అయినా, మణికట్టు లావు దాటిన ప్రతిదానినీ కనీసం రెండుగా చీల్చండి.

ఇక పేర్పు. కట్టెల చివరలు గాలి వచ్చే వైపుకు తిరిగి ఉండేలా ఒకే వరుసగా పేర్చడం అన్నిటికన్నా మేలైన పద్ధతి. వరుస వెనుక వరుస ఆనించి మూడు నాలుగు వరుసలు పెడితే నడిమి వరుసలు నెలల తరబడి పచ్చిగానే ఉంటాయి. చోటు చాలక రెండు వరుసలు పెట్టవలసి వస్తే నడుమ ఒక జానెడు సందు వదలండి. అడుగున రాళ్ళో ఇటుకలో పరిచి, వాటి మీద రెండు పొడవాటి వాసాలు వేసి, నేలకు అర అడుగు ఎత్తున మొదలుపెట్టాలి. లేకపోతే అడుగు వరుస నేల చెమ్మను పీల్చుకుని చెదలకు ఆహారమవుతుంది. ఇంటి గోడకు ఆనించి పేర్చవద్దు. గాలి ఆడకపోవడం ఒక కారణమైతే, చెదలు కట్టెల మీదుగా తలుపులకూ వాసాలకూ చేరడం మరొక కారణం.

వరుస రెండు చివరలా కట్టెలు జారిపోకుండా గుంజలు పాతవచ్చు. గుంజలు లేకపోతే ఒక పొర అడ్డంగా, దాని మీది పొర నిలువుగా పేరుస్తూ రెండు స్తంభాలు కట్టుకోవాలి. ఇందుకు వంకరలేని, పలకలుగా చీలిన ముక్కలను ముందే ఏరి పక్కన పెట్టుకోండి. గుండ్రటి ముక్కలు ఒకదాని మీద ఒకటి నిలవవు. ఛాతీ ఎత్తుకు మించి పేర్చకపోవడం మంచిది. ఎండే కొద్దీ కట్టెలు సన్నబడి వరుస మొత్తం కిందికి దిగుతుంది, పైగా రెండు ముఖాలూ ఒకే వేగంతో ఎండవు కాబట్టి ఒక పక్కకు ఒరగడం సహజం.

కప్పడం విషయంలో మీకు చెప్పిన ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. పైభాగం కప్పాలి, పక్కలు కప్పకూడదు. నేల దాకా టార్పాలిన్ దించితే లోపల ఆవిరైన నీరు బయటికి పోయే దారి లేక, రాత్రి చల్లబడినప్పుడు టార్పాలిన్ లోపలి వైపు బిందువులుగా పట్టి మళ్ళీ కట్టెల మీదనే పడుతుంది. కొద్ది వారాలలోనే బూజు పడుతుంది. రెండు పక్కలా జానెడు ముందుకు వచ్చేలా ఒక రేకును కాస్త వాలుగా వేసి, గాలికి ఎగరకుండా రాళ్ళు పెడితే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. అంచుల నుంచి పలకలు తీసే పద్ధతి ఈ రోజే ప్రయత్నించాను. మొద్దు నిజంగానే లొంగింది. ఇంకొక రెండు విషయాలు అడుగుతాను. కొమ్మలు రెండుగా చీలే చోట ఉన్న పంగ మొద్దులు కొన్ని ఏ వైపు నుంచి కొట్టినా విడవడం లేదు, వాటిని ఏం చేయాలి? కట్టె ఎండిందని చేతితో పట్టుకుని చెప్పడం కాక, నమ్మకంగా తెలుసుకునే మార్గమేదైనా ఉందా?

మూడవ సమాధానం

పంగ మొద్దులతో పోరాడకండి. ఆ చోట రెండు కొమ్మల నార ఒకదానిలో ఒకటి అల్లుకుని పెరుగుతుంది. చెట్టు గాలికి చీలిపోకుండా నిలబడేది ఆ అల్లిక వల్లనే. రంపం అందుబాటులో ఉంటే నిలువుగా కోయండి. లేదా పక్కల నుంచి ఊడి వచ్చినంత వరకు తీసుకుని, మిగిలిన గడ్డను పేర్పు పైవరుసలో పెట్టి, మిగతా కట్టెలన్నీ వాడిన తరువాత చివరగా వాడుకోండి. అటువంటి ముక్క నెమ్మదిగా, చాలాసేపు మండుతుంది.

మొదటి సమాధానంలోని ఒక అంశంతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవించలేను. పచ్చిగా చీల్చడం చాలా చెట్లకు మంచిదే గాని అన్నిటికీ కాదు. నార పొడుగ్గా, పీచుగా ఉండే చెట్లలో పచ్చి మొద్దు విచ్చుకున్నా రెండు ముక్కల నడుమ పీచు తెగకుండా వేలాడుతుంది. ప్రతి ముక్కనూ చిన్న గొడ్డలితో మళ్ళీ తెంపుకోవలసి వస్తుంది. అటువంటి వాటిని కోసిన ముఖం మీద పగుళ్ళు కనిపించే దాకా ఆగి చీల్చడమే మేలు. చింత వంటి వాటిలో నార ఒక పొరకు ఒక పొర ఎదురుగా మెలి తిరిగి ఉంటుంది కాబట్టి పచ్చిదైనా ఎండినదైనా కష్టమే. అక్కడ ఇనుప మేకులను నమ్ముకోవాలి. సరుగుడైతే పచ్చిగా కూడా బాగానే మండుతుంది గనుక అంత తొందర అక్కరలేదు. మీ చెట్టు ఏదో మీరు చెప్పలేదు. పచ్చి మొద్దు ఒకటి చీల్చి చూస్తే అది ఏ కోవకు చెందుతుందో మీకే తెలిసిపోతుంది.

రెండవ సమాధానమిచ్చినవారు

ఎండిందో లేదో తెలుసుకోవడానికి నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది తక్కెడను. పేర్చేటప్పుడే ఒక కట్టెను తూచి, ఆ బరువునూ తేదీనీ దాని చివర మీదనే రాసి, మళ్ళీ బయటికి తీయగలిగే చోట వరుస నడుమ పెట్టండి. రెండు వారాలకొకసారి తీసి తూచి, కింద కొత్త బరువు రాస్తూ ఉండండి. మొదట బరువు గబగబా తగ్గి, తరువాత నెమ్మదించి, ఒక దశలో నిలిచిపోతుంది. నిలిచిపోయిందంటే కట్టె చుట్టూ ఉన్న గాలితో సమతూకానికి వచ్చిందని అర్థం. గాలిలో తేమ 65 శాతం ఉండే కాలంలో ఆ సమతూకం 12 శాతం దగ్గర, 80 శాతం ఉండే కాలంలో 16 శాతం దగ్గర కుదురుతుంది. రెండూ పొయ్యికి పనికివచ్చేవే.

తేమ కొలిచే మీటరు వాడదలిస్తే, కట్టెను అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా బయటపడిన లోపలి ముఖం మీద గుచ్చి చూడాలి. బయటి ముఖం ఎప్పుడూ ముందుగా ఎండి మోసపుచ్చుతుంది. చివరల మీద పగుళ్ళు కనిపించినంత మాత్రాన లోపల ఎండినట్టు కాకపోవడానికీ అదే కారణం. మీటరు చూపే అంకె పొడి చెక్క బరువుతో పోల్చి చెప్పేదని కూడా గుర్తుంచుకోండి. మొత్తం బరువులో 20 శాతం నీరున్న కట్టెకు మీటరు 25 చూపుతుంది. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి తాటించినప్పుడు ఖంగుమని మోగితే ఎండినట్టు, దబ్బుమని చప్పుడైతే పచ్చి అన్నట్టు అనుకునే పాత పద్ధతి అంచనాకు బాగానే పనికివస్తుంది.

ఒకే కట్టెను తూచి ఊరుకోవద్దు. సన్నపాటిది ఒకటి, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా లావైనది ఒకటి గుర్తు పెట్టుకోండి. సన్నది నిలకడకు వచ్చిన తరువాత కూడా లావుది చాలా వారాల పాటు బరువు తగ్గుతూనే ఉంటుంది. వరుస ఎప్పుడు విప్పాలో లావుదానిని బట్టే నిర్ణయించుకోవాలి.