పేగు కణానికి పైవైపు ఏదో ఎవరు చెబుతారు? ఈగలో వెతకాలా, మనిషి కణాల్లోనా? చూషకం, పునాదిపొర అనే పేర్లతో ఇద్దరూ, ఒక పిల్లల డాక్టరూ వాదించుకుంటున్నారు.

చూషకం:
పేగు గోడలోని కణానికి రెండు ముఖాలు. ఆహారం వైపు ముఖాన పోషకాలను పీల్చుకునే సన్నని వేళ్లలాంటి సూక్ష్మ చూషకాలు ఉంటాయి, రెండోది కణాల కింద పరుచుకున్న పునాది పొరను అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ తేడాను నిలిపే పార్, క్రంబ్స్, స్క్రిబుల్ ప్రొటీన్లను మనకు మొదట చూపినవి నులిపురుగులు, పండు ఈగలు. 2009లో ఎలుక పేగు మూలకణాల నుంచి, 2011లో మనిషి పేగు నుంచి ఆర్గనాయిడ్లు, అంటే ప్రయోగశాలలో పెరిగే బుల్లి పేగు నమూనాలు, పెంచారు. ఇంకా ఈగల దగ్గరే ఆగడం దేనికి? నిధులు మనిషి కణాలకే వెళ్లాలి.

పునాదిపొర:
నేను ఒప్పుకోను. ఈగ పిండంలో నేర్చుకున్న సూత్రం ఈగ పేగుకే వర్తించలేదు! 2018లో కేంబ్రిడ్జిలోని డేనియల్ సెయింట్ జాన్‌స్టన్ బృందం ఎదిగిన ఈగ నడిమి పేగు కణాల్లో ఆ ప్రొటీన్లను తొలగించి చూసింది. పైకిందులు చెదరలేదు. పునాది పొరను పట్టుకునే ప్రొటీన్ ఇంటిగ్రిన్‌కు తోడుండే టాలిన్‌ను తీసేస్తేనే చెదిరాయి. ఆ కణాలు అడుగున మూలకణాల నుంచి పుట్టి పైకి చొచ్చుకొస్తాయి. అందుకే వాటికి తొలి కబురు కింది నుంచి అందుతుందని నేను నమ్ముతున్నాను. ఒకే ప్రాణిలో ఒక కణజాలపు నియమం మరోదానికి చెల్లదని నేర్పింది ఆ ఈగే కదా.

చూషకం:
మరి 2004లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త హాన్స్ క్లెవర్స్ బృందం చూపినదో? మనిషి పేగు కణాల్లో ఎల్‌కేబీ1 అనే ప్రొటీన్‌ను ఉత్తేజపరిస్తే, పక్కన తోటి కణం లేకపోయినా ఒంటరి కణానికి ఒకవైపు చూషకాల అంచు ఏర్పడింది.

పిల్లల డాక్టర్:
నా తొందర వేరు. మయోసిన్-5బీ జన్యువు చెడిన పసికందులకు పుట్టిన కొద్ది రోజులకే ఆగని విరేచనాలు. పైన ఉండాల్సిన చూషకాలు కణం లోపలి సంచుల్లో చిక్కుకుపోతాయి. నరం ద్వారా ఎక్కించే పోషకాలే ఆధారం. 2008లో ఆ జన్యువును పట్టించింది రోగుల కుటుంబాలే, ఈగలు కాదు.

పునాదిపొర:
డాక్టర్ గారూ, మీ మాట కాదనను. చూషకం గారూ, 2004 నాటివి క్యాన్సర్ కణాలు. ఎల్‌కేబీ1 చేయగలదని అవి చూపాయి, సజీవమైన పేగు దాని మీదే ఆధారపడుతుందని కాదు. పైగా అది నులిపురుగులో 1988లో వెల్లడైన పార్-4కు బంధువే. 2019లో మనిషి పేగు ఆర్గనాయిడ్ల చుట్టూ పునాది పొరలా ఉన్న జెల్‌ను తీసేసి ద్రవంలో తేలనిస్తే, చూషకాల ముఖం బయటికి తిరిగింది. పునాది పోతే దిశ మారింది!

చూషకం:
ఈ ఒక్కటి నన్ను కదిలించింది. అయితే ఈగలో చేసినట్టే మనిషి ఆర్గనాయిడ్లలోనూ ప్రొటీన్లను ఒక్కొక్కటిగా తీసి చూడాలి. నిధులు ముందు దానికే అడుగుతాను.