పాలు, గుడ్డు పడని పాపకు ఎగ్జిమా: విటమిన్ డి వేస్తే తగ్గుతుందా?

ప్రశ్న (నెల్లూరు నుంచి)
పాపకు మూడేళ్లు. ఆవుపాలు, గుడ్డు పడవని అలర్జీ డాక్టరుగారు తేల్చారు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురదపెట్టే జబ్బు). రక్తపరీక్షలో విటమిన్ డి మి.లీ.కి 11 నానోగ్రాములు వచ్చింది. రోజుకు 3000 యూనిట్లు, 12 వారాలు వాడమన్నారు. షాపులో ఇచ్చిన చుక్కల మందు మి.లీ.కి 800 యూనిట్లు. దీంతో దురద తగ్గుతుందా? మందులో పడనివి ఏమైనా ఉంటాయా?

జవాబు (చర్మవైద్యం)
11 అంటే లోపమే. 20 దాటాలి. ఎముకల కోసమైనా ఈ కోర్సు పూర్తిచేయాల్సిందే. ఎగ్జిమా మీద మాత్రం ఆశ కొంచెం తక్కువే పెట్టుకోండి. చలికాలంలో ముదిరే ఎగ్జిమా ఉన్న 107 మంది పిల్లలకు మంగోలియాలో నెలపాటు రోజుకు 1000 యూనిట్లో, ఉత్తుత్తి మందో ఇచ్చి చూశారు. 2014లో వచ్చిన ఫలితం: డి వేసుకున్నవాళ్లకు తీవ్రత స్కోరు 6.5 తగ్గింది, మిగతావాళ్లకు 3.3. అది నెలల తరబడి ఎండ మొహం చూడని చోటు. నెల్లూరులో అంతే తేడా వస్తుందని చెప్పలేం. పాలు, గుడ్డు అలర్జీ డి వల్ల పోదు.

దురదను అసలు తగ్గించేది పూత. గోరువెచ్చని నీళ్లతో 5-10 నిమిషాల స్నానం, తువ్వాలుతో అద్దడం (రుద్దొద్దు), మూడు నిమిషాల్లోపు ఒళ్లంతా మాయిశ్చరైజర్. ఈ వయసుకు వారానికి 100-200 గ్రాములు ఖర్చవ్వాలి. 50 గ్రాముల ట్యూబు నెల వస్తోందంటే చాలీచాలకుండా రాస్తున్నట్టే. ఎర్రబడ్డ చోట డాక్టరు రాసిన స్టెరాయిడ్: పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండితే అర గ్రాము, అది వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. "తామర" అని చెబితే షాపులో ఇచ్చే మిశ్రమ క్రీములు దయచేసి రాయకండి, వాటిలో చాలావాటిలో ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. పగిలిన చర్మానికి వేరుశనగ నూనె, సున్నిపిండి కూడా వద్దు. తిండి పదార్థం చిట్లిన చర్మంలోంచి లోపలికి వెళితే కొత్త అలర్జీకి దారి తీయొచ్చు.

జవాబు (ఫార్మసీ)
లెక్క చూడండి: 3000ను 800తో భాగిస్తే 3.75 మి.లీ. 15 మి.లీ. సీసా నాలుగు రోజులకే అయిపోతుంది. గాఢత ఎక్కువున్న మందు రాయమని డాక్టరునే అడగండి. సీసా మారినప్పుడల్లా లేబుల్ చదవాలి. మి.లీ.కి 400 ఉన్నది ఇస్తే అదే 3.75లో సగం మోతాదే వెళుతుంది. వేరే మందు డ్రాపరుతో కొలవకండి. 60,000 యూనిట్ల పొట్లం ఇస్తే అది వారానికి ఒకటి. రోజూ వేసి కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహంతో వచ్చే పిల్లలున్నారు.

పడనివాటి సంగతి: పొట్లాన్ని పాలల్లో కలపమని చెప్పడం మనకు మామూలే. మీరు నీళ్లలో కలిపి, నూనో కొబ్బరో ఉన్న అన్నం తిన్నాక ఇవ్వండి, కొవ్వుతో బాగా ఒంటబడుతుంది. లేబుల్ మీద "అరాకిస్ ఆయిల్" అంటే వేరుశనగ నూనె. వేరుశనగ పడనివాళ్లకు అది ముఖ్యం, డి ఇంజెక్షన్లలో ఎక్కువగా చూస్తాం. లాక్టోజ్ (పాల చక్కెర) అని ఉంటే అందులో పాల ప్రొటీన్ ఉందేమో కంపెనీని అడిగి తెలుసుకోండి.

ప్రశ్న
పొద్దున ఏడింటి ఎండలో కూర్చోబెడితే చాలదా?

జవాబు (చర్మవైద్యం)
నీరెండలో డి తయారయ్యే కిరణాలు దాదాపు ఉండవు. మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్నప్పుడే అవి అందుతాయి. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది. మిట్ట మధ్యాహ్నం చెమట పడితే ఎగ్జిమా రేగుతుంది, అందుకే ఈ పాపకు మందే మేలు. పాలు, గుడ్డు మానేసిన ఇంట్లో కాల్షియం కూడా లోటే: రోజుకు 500 మి.గ్రా. కావాలి, 50 గ్రాముల రాగిపిండిలో 170 దాకా ఉంటుంది. మిగతాది ఎలా అందించాలో డైటీషియన్‌తో లెక్క వేయించండి. 12 వారాలయ్యాక పరీక్ష చేయించి, 20 దాటితే రోజుకు 600 యూనిట్లకు దిగండి.