కొడుకు సంతకం పెడతానంటున్నాడు, పెద్దావిడ ఒప్పుకున్నట్టా కాదా?

బ్రాడీపేట_సైకాలజిస్టు:
గుంటూరులో క్లినికల్ సైకాలజిస్టుని. తెనాలి దగ్గర పల్లె నుంచి ఓ పెద్దావిడ వచ్చారు (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను). భర్త పోయాక డిప్రెషన్. మందులు వాడుతున్నారు, థెరపీ కోసం సైకియాట్రిస్టు పంపారు. ఏం చేస్తామో, ఎన్నాళ్లు పడుతుందో, ఫీజెంతో అన్నీ చెప్పాను. "మీరెట్లా చెబితే అట్లానే తల్లీ" అన్నారు. పక్కనున్న కొడుకు "మా అమ్మకి ఇవన్నీ తెలియవు మేడం, సమ్మతి ఫారం మీద సంతకం నేను పెట్టేస్తా" అని పెన్ను తీశాడు.

అనుమానమొచ్చి, "ఇక్కడికొస్తే ఏం జరుగుతుందనుకుంటున్నారమ్మా?" అని అడిగా. "మావాడికి గట్టిగా చెప్పి పొలం అమ్మకుండా ఆపుతారు" అన్నారు! కొడుకు మొహం చూడాలి. ఫారం పక్కన పెట్టేసి వచ్చేవారం రమ్మన్నా. ఈవిడకి నిర్ణయం తీసుకునే సామర్థ్యం లేదని రాయాలా?

సూర్యారావుపేట_డాక్టర్:
రాయకండమ్మా. మీరు చెప్పింది ఆవిడకి అందలేదు, అంతే. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మెంటల్ హెల్త్‌కేర్ చట్టం నాలుగో సెక్షన్ చూడండి. జబ్బుందన్న కారణంతో సామర్థ్యం లేదనడం కుదరదు. ఆవిడ తీసుకున్న నిర్ణయం మనకి తప్పనిపించినా, ఆ ఒక్కదాన్ని పట్టుకుని లేదనకూడదు. విషయం తేలిక మాటల్లో, అవసరమైతే సైగల భాషలోనో బొమ్మలతోనో చెప్పాల్సిన బాధ్యత మనదే. సామర్థ్యం ఉందనడానికి అర్థం చేసుకోవడం, పర్యవసానం గ్రహించడం, నిర్ణయం తెలపడం, ఈ మూడింటి మధ్య చట్టం "లేదా" అని పెట్టింది, అంటే ఏ ఒక్కటున్నా చాలన్నట్టు. నాకది నచ్చదు, నేను మూడూ చూస్తా.

ముందు కొడుకుని బయట కూర్చోబెట్టండి. చెవి వినపడుతోందా కనుక్కోండి, చెవి మిషన్ ఇంట్లో మర్చిపోయి వచ్చి అన్నిటికీ తలూపేవాళ్లు ఎంతమందో. డిప్రెషన్లో కొందరికి పొద్దున పూట మరీ భారంగా ఉంటుంది, సాయంత్రం టైమివ్వండి. కాస్త చెప్పి ఆగి, "ఇంటికెళ్లాక మీ చెల్లెలు అడిగితే ఏం చెబుతారు?" అనండి. ఇక్కడ మాత్రలివ్వరు, మాట్లాడతారు. పాత సంగతులు కదిలితే కొన్నాళ్లు బాధ పెరగొచ్చు. వద్దనుకుంటే మానేయొచ్చు, మానేసినా డాక్టరు మందులు ఆపడు. ఇవి ఆవిడ నోటి నుంచి రావాలి. చివరిదే ఎక్కువమందికి తెలియదు, భయంతో సరేనంటారు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంటుంది. ఓ రిటైర్డ్ మాస్టారు సీబీటీ (ఆలోచనల తీరు, అలవాట్లు మార్చుకునే థెరపీ) అంటే ఏమిటో నాకే పాఠం చెప్పినట్టు చెప్పి, "అది మనుషులకి పనిచేస్తుందండీ, నాకు కాదు" అన్నారు. విషయమంతా అర్థమైంది, తనకి వర్తిస్తుందని మాత్రం జబ్బు ఒప్పుకోనివ్వలేదు. బలవంతపెట్టలేదు, మందులు కాస్త పట్టాక మళ్లీ అడిగా. అప్పుడు ఫీజు గురించి బేరమాడారు. హమ్మయ్య అనుకున్నా!

పీజీ_సెకండియర్:
సార్, చెప్పడానికి బానే ఉంది. మా ఓపీలో ఒక్కో పేషెంటుకి పది నిమిషాలు దొరికితే గొప్ప. బయట క్యూ అరుస్తుంటే చెల్లెలు, సాయంత్రం టైము అంటే ఎట్లా?

సూర్యారావుపేట_డాక్టర్:
చీటీ రాస్తూ ఆ చెల్లెలి ప్రశ్న ఒక్కటి అడుగు బాబూ, నిమిషం పట్టదు. మిగతాది తర్వాత వచ్చినప్పుడు. ఈ సమ్మతి ఒక్కరోజులో తెగేది కాదు, థెరపీ దారి మారినప్పుడల్లా మళ్లీ అడగాల్సిందే. కానీ హఠాత్తుగా తికమకగా మాట్లాడుతుంటే, రోజు తేదీ తెలియకపోతే మాత్రం థెరపీ మాట పక్కనపెట్టి ఒంట్లో ఏం జరుగుతోందో చూడు. రక్తంలో సోడియం పడిపోయి ఉండొచ్చు, ఇన్ఫెక్షన్ ఉండొచ్చు.

బ్రాడీపేట_సైకాలజిస్టు:
నిన్న సాయంత్రం వచ్చారు సార్. కొడుకుని టీకి పంపించా. ఈసారి, "పొలం సంగతి మీ చేతిలో లేదులే. ఆయన పోయిందగ్గర్నుంచి నిద్ర లేదు, అది మాట్లాడుకుందాం. ఏడుపొస్తే ఏడుస్తా. నచ్చకపోతే రాను" అన్నారు. ఆ మాటలే కేసు షీట్లో యథాతథంగా రాసుకున్నా. సంతకం ఆవిడే పెట్టారు, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. ఇప్పుడు కొడుకు, ప్రతి వారం లోపల ఏం మాట్లాడిందో తనకి ఫోన్లో చెప్పమంటున్నాడు. ఫీజు తనే కడుతున్నాడట.

సూర్యారావుపేట_డాక్టర్:
ఫీజు కట్టినందుకు రసీదివ్వండి. లోపలి మాటలు గోప్యంగా ఉంచడానికి అదే చట్టంలో 23వ సెక్షన్ ఉంది. ప్రాణానికి ప్రమాదం లాంటిదేదైనా ఉంటే తప్ప ఆవిడ ఒప్పుకోకుండా చెప్పనని, ఆవిడ ముందే అతనికి చెప్పేయండి.