‘ఎగిరేది’ అంటే ఎగిరినట్టా, ఎగరనట్టా?

మా మేనల్లుడు కామిక్ గీస్తున్నాడు. యుద్ధంలో నాజీలు గెలిచి ఉంటే అన్న కథ. బొమ్మలు వాడివి, మాటలు రాసే పని నాది. మొదటి పేజీలో ‘హిట్లర్ ఓడిపోకుండా ఉంటే...’ అని ఎత్తుకున్నాను, బానే ఉంది. ఐదో పేజీలో ఈఫిల్ టవర్, దాని కింద వేలెడంత డబ్బా. అందులో ‘టవర్ మీద నాజీ జెండా ఎగిరేది’ అని రాశాను.

వాడు చదివి, ‘అది నిజంగానే ఎగిరింది కదా మామయ్యా’ అన్నాడు.

ఎగిరింది మరి. 1940 జూన్ 14న జర్మన్లు పారిస్‌లో దిగిన రోజే కట్టారు. లిఫ్టు కేబుళ్లు ఫ్రెంచివాళ్లు ముందే కోసేస్తే మెట్లెక్కి వెళ్లారు. మొదట కట్టింది మరీ పెద్దదై గాలికి కొట్టుకుపోయిందట, చిన్నది తెచ్చి కట్టారు. 1944 ఆగస్టుదాకా జర్మన్లదే రాజ్యం. నా వాక్యం ఆ నాలుగేళ్లకి అచ్చంగా సరిపోతోంది. నేను చెప్పబోయింది కథలోని 1953 సంగతి!

చిక్కంతా ‘-ఏది, -ఏవాడు’లో ఉంది. ‘తాతయ్య రోజూ సంతకి వెళ్లేవాడు’ అంటే వెళ్లాడు. ‘కాలు విరగకుండా ఉంటే నిన్న వెళ్లేవాడు’ అంటే వెళ్లలేదు. క్రియ అదే, తేడా అంతా ముందున్న చేదర్థకానిది, అంటే ‘ఉంటే’ అనే షరతు మాటది. మాట్లాడేటప్పుడు రెండూ ఒక్క ఊపిరిలో వచ్చేస్తాయి. కామిక్‌లో మాత్రం ‘ఉంటే’ మొదటి పేజీలోనే ఉండిపోయి, ‘ఎగిరేది’ ఒంటరిదవుతుంది. ఇంకో కథయితే వదిలేద్దును. యూదుల మారణహోమం అసలు జరగనే లేదని వాదించేవాళ్లున్నారు (ఫ్రాన్స్‌లో 1990 నుంచి అది నేరం). అలాంటి చోట జరిగిందీ ఊహించిందీ ఒకే క్రియలో కలిసిపోతే ఎలా?

జవాబు: ‘ఎగిరి ఉండేది’ అనండి, సరిపోతుంది.

నేను: ఒకసారికి సరేనండీ. పేజీకి ఆరు డబ్బాలు, ఆరింట్లోనూ ‘ఉండేది’ అంటే జపంలా ఉంది.

జవాబు: మాస్టారూ, పైన మీరే ‘వదిలేద్దును’ అన్నారు. అందులో అనుమానానికి చోటే లేదు, వదల్లేదన్నమాటే. ‘ముందే చెబితే వద్దును కదా’ లాంటిది. కాకపోతే అది నేను, మనం అన్నచోటే పలుకుతుంది. జెండాకి కుదరదు.

జవాబు: ఇంతకీ ఈ రకం కథల్ని ఏమంటున్నారు? ‘ప్రత్యామ్నాయ చరిత్ర’ అనకండి దయచేసి. అది అణగారినవాళ్ల వైపు నుంచి రాసే చరిత్రకి మనవాళ్లు వాడుతున్న మాట. నాజీలు గెలిచిన కథకి అంటగడితే అర్థం తలకిందులవుతుంది. ఫ్రెంచిలో రెనూవియే అనే తత్వవేత్త 1876లో ‘ఉక్రోనీ’ అని పుస్తకానికే పేరు పెట్టాడు. ఊటోపియా అంటే ‘లేని చోటు’, ఇది ‘లేని కాలం’. మనకి ‘జరగని చరిత్ర’ చాలదూ?

నేను: చాలు, అట్ట మీద అదే వేస్తాను. జెండా సంగతి మేనల్లుడే తేల్చాడు. పైన ‘పారిస్, 1953’ అని పెట్టి, కింద ‘జెండా ఇంకా ఎగురుతూనే ఉంది’ అని రాయమన్నాడు. ఆ ‘ఇంకా’తో 1940 కూడా అందులోకి వచ్చేసింది. అక్షరాలు డబ్బాలో పట్టక టవర్‌ని కాస్త కుడికి జరిపి మళ్లీ గీస్తున్నాడు.