ఆమ్లోడిపిన్ వాపుకి ఫ్యూరోసెమైడ్: పెంచాలా, ఆపాలా?

గళ్లనోటు: 62 ఏళ్ల మహిళ. మొదట బీపీ 164/98. ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా.తో నెల గడిచినా 146/88 దగ్గరే ఆగిందని 10 చేశారు. ఇప్పుడు 126/78. అయితే మూడో వారం నుంచి రెండు చీలమండలూ వాస్తున్నాయి. పొద్దున తక్కువ, సాయంత్రానికి చెప్పు పట్టదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9, మూత్రంలో ప్రోటీన్ లేదు, గుండె స్కాన్ ఎకో నార్మల్. మూత్రం ఎక్కువ పోయించే నీళ్ల బిళ్ల ఫ్యూరోసెమైడ్ 40 రాశారు. వారమైనా వాపు అలాగే ఉంది. డోసు పెంచమని అడగాలా?

సన్నగొట్టం: వద్దు. నీళ్ల బిళ్లతో పోయే వాపు కాదిది. ఆమ్లోడిపిన్ చిన్న ధమనుల్ని వెడల్పు చేస్తుంది, అవతలి చిన్న సిరల జోలికి దాదాపు పోదు. కేశనాళికలోకి రక్తం వచ్చే దారి తెరుచుకుంది, పోయే దారి మాత్రం పాత ఇరుకే. లోపల ఒత్తిడి పెరిగి గోడల్లోంచి నీరు ఊరుతుంది. ఒంట్లో ఉప్పూ నీళ్లూ ఎక్కువై వచ్చింది కాదు కాబట్టి ఫ్యూరోసెమైడ్‌కి ఇక్కడ పెద్దగా పనిలేదు. పొటాషియం పడిపోతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

పాతచీటీ: నీళ్ల బిళ్లని ఇంత తేలిగ్గా తీసిపారేస్తే ఎలాగండీ? థయజైడ్ కోవకి చెందిన నీళ్ల బిళ్ల క్లోర్‌థాలిడోన్ దశాబ్దాలుగా బీపీకి మొదటి వరుస మందు. బీపీ మందుల్ని పోల్చిన పెద్ద అధ్యయనం ఆల్‌హ్యాట్, 2002లో వచ్చిన దాని ఫలితాలు చూడండి: ఆరేళ్లలో గుండె వైఫల్యం ఆమ్లోడిపిన్ వాళ్లలో 10.2 శాతం, క్లోర్‌థాలిడోన్ వాళ్లలో 7.7.

సన్నగొట్టం: నేను చెప్పింది ఫ్యూరోసెమైడ్ సంగతి, అదీ వాపు వరకే. క్లోర్‌థాలిడోన్ ఎక్కడినుంచి వచ్చింది?

పాతచీటీ: మీరు రాసిన మాట "నీళ్ల బిళ్ల". క్లోర్‌థాలిడోన్ నీళ్ల బిళ్ల కాదా? ఈ మాట చదివి ఎవరైనా తమ థయజైడ్ ఆపేస్తే?

ఒకమాట: నరాల నొప్పికిచ్చే ప్రీగాబలిన్, షుగర్ మందు పయోగ్లిటజోన్, నొప్పి బిళ్లలు ఏమైనా వాడుతున్నారా? వాటికీ కాళ్లు వాస్తాయి.

గళ్లనోటు: ఏవీ లేవు.

తెల్లకోటు కాదు: ఒక్క కాలే వాస్తే మాత్రం ఈ గొడవంతా వదిలేసి సిరలో రక్తం గడ్డకట్టిందేమో డాప్లర్ స్కాన్ తీయించండి.

సన్నగొట్టం: సరే పాతచీటీ గారూ, మాట సరిచేస్తున్నా: ఫ్యూరోసెమైడ్. ఇక అసలు లెక్క. మందు కంపెనీ కరపత్రంలోనే ఉంది: వాపు ఉత్తుత్తి బిళ్లతో 0.6 శాతం, 2.5తో 1.8, 5తో 3, 10తో 10.8. ఆడవాళ్లలో మగవాళ్ల కంటే బాగా ఎక్కువ. డోసు రెట్టింపైతే వాపు మూడు రెట్లు దాటింది. బీపీ తగ్గుదల అలా పెరగదు. సగం డోసుకి ఫలితం సుమారు ఐదో వంతే తగ్గుతుంది. అందుకే తిరిగి 5కి దించి, ఇంకో రకం బీపీ మందు టెల్మిసార్టాన్ 40 కలపమని అడగాలి. అది సిరల్ని కూడా వదులు చేస్తుంది కనుక, కేశనాళికలోని రక్తానికి పోయే దారి దొరికి నీరు ఊరడం తగ్గుతుంది.

పాతచీటీ: ఎవరు ఏ ప్రశ్న వేసినా మీ జవాబు రెండు మందులే. టెల్మిసార్టాన్‌తో పెరిగే పొటాషియం ఎవరు చూస్తారు?

సన్నగొట్టం: మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకి పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. క్రియాటినిన్ ముందున్న దానికంటే 30 శాతం లోపు పెరిగితే సాధారణంగా కొనసాగిస్తారు. పొటాషియం 5.5 దాటితే ఆగి ఆలోచించాలి. ఇవి రాయకుండా మందు పేరు ఒక్కటే రాసే అలవాటు నాకు లేదు. ప్రతి చర్చలోనూ నా వాక్యంలో ఒక ముక్క పట్టుకుని వేలాడటం మీకే అలవాటు!

పాతచీటీ: వేలాడటం కాదు. సూటిగా చెబుతా. 146 దగ్గర ఆగిన బీపీ 126కి వచ్చింది. పనిచేస్తున్న మందుని చీలమండ కోసం కదపడమే నాకు నచ్చనిది. వాపుతో ప్రాణం పోదు, బీపీతో పోతుంది. కాళ్లు ఎత్తులో పెట్టుకుని భరించలేరా?

సన్నగొట్టం: ఇదీ అసలు తగాదా! ఇందాకటినుంచి క్లోర్‌థాలిడోన్ అడ్డం పెట్టారేమిటి మరి? చెప్పు పట్టని మనిషి ఎవరికీ చెప్పకుండా బిళ్ల మానేస్తుంది. ఆమ్లోడిపిన్ అర్ధాయువు, అంటే రక్తంలో మందు సగానికి తగ్గే సమయం, 30 నుంచి 50 గంటలు. ఒకటి రెండు రోజులు మానేసినా కఫ్ కట్టి చూస్తే అంకె పెద్దగా మారదు, "లేకపోయినా బాగానే ఉంది" అనిపిస్తుంది. వారం తిరిగేసరికి బీపీ పాత చోటికి ఎక్కి కూర్చుంటుంది. కాగితం మీద 10, కడుపులో సున్నా.

పాతచీటీ: ఆవిడ మానేసిందని ప్రశ్నలో లేదు.

ఒకమాట: సిల్నిడిపిన్‌కి మార్చరా? ఆమ్లోడిపిన్ కుటుంబమే, వాపు తక్కువ.

సన్నగొట్టం: అదీ దారే. రెండో మందు వద్దనేవాళ్లకి అదే మొదట అడగదగింది.

గళ్లనోటు: టెల్మిసార్టాన్ మొదలుపెడితే ఫ్యూరోసెమైడ్ కూడా వేసుకోవచ్చా?

సన్నగొట్టం: ముందు దాన్ని ఆపే విషయం రాసినాయన్నే అడగండి. ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు టెల్మిసార్టాన్ పడితే బీపీ ఒక్కసారి జారుతుంది. పైన నొప్పి బిళ్ల కూడా తోడైతే కిడ్నీకి దెబ్బ. వారం వేసుకున్నారు కనుక పొటాషియం, సోడియం ఇప్పుడే ఒకసారి చూపించండి.

పాతచీటీ: దీనికి నేను అడ్డు చెప్పను. మార్చాక రెండు వారాలు ఆగి, పొద్దున బిళ్ల వేసుకోకముందు, ఐదు నిమిషాలు కూర్చున్నాక, రెండేసి సార్లు కొలిచిన అంకెలు ఇక్కడ పెట్టండి. 140 దాటితే మళ్లీ వస్తా.