డాట్ ఎన్వ్ ఫైల్‌లో పెట్టిన పాస్‌వర్డ్ కంటైనర్‌లోకి వెళ్లట్లేదు

ప్రశ్న:
ఇంట్లో స్మార్ట్ లైట్ల కోసం జిగ్బీటుఎంక్యూటీటీ (జిగ్బీ పరికరాల్ని ఎంక్యూటీటీ అనే సందేశాల పద్ధతికి కలిపే ప్రోగ్రామ్), మస్కిటో బ్రోకర్ (ఆ సందేశాల్ని చేరవేసే సర్వర్) రెండూ డాకర్ కంపోజ్‌లో (ప్రోగ్రామ్‌లను కంటైనర్లనే విడివిడి డబ్బాల్లో పెట్టి కలిపి నడిపే సాధనం) నడుపుతున్నాను. ఇన్నాళ్లూ ఎంక్యూటీటీ పాస్‌వర్డ్ కంపోజ్ ఫైల్‌లోనే ఉండేది, ఆ ఫోల్డర్ గిట్‌లో (ఫైళ్ల మార్పుల్ని దాచే సాధనం) పెడదామనుకునేసరికి భయమేసి దాన్ని తీసేసి పక్కనే డాట్ ఎన్వ్ ఫైల్‌లో (ఇలాంటి విలువలు విడిగా రాసుకునే ఫైల్) రాశాను. అప్పటినుంచి లాగ్‌లో 'నాట్ ఆథరైజ్డ్' (అనుమతి లేదు) అనే వస్తోంది. కంటైనర్ రీస్టార్ట్ చేశాను, మెషీన్ కూడా ఆపి ఆన్ చేశాను, ఏం మారలేదు. నిన్న రాత్రి నుంచి ప్రతి లైటూ గోడ దగ్గరికి వెళ్లి వేసుకుంటున్నాం. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు:
చాలామంది ఇక్కడే ఆగిపోతారండి, నేనూ రెండు రోజులు ఆగాను. డాట్ ఎన్వ్ ఫైల్ కంపోజ్ తన కోసం చదువుకుంటుంది, కంపోజ్ ఫైల్‌లో డాలర్ గుర్తుతో రాసిన ఖాళీలు నింపడానికి. అందులో రాసినంత మాత్రాన కంటైనర్‌లోకి ఏదీ వెళ్లదు. వెళ్లాలంటే కంపోజ్ ఫైల్‌లో జిగ్బీటుఎంక్యూటీటీ సర్వీస్ కింద 'ఎన్వ్_ఫైల్' లైన్ పెట్టి ఫైల్ పేరు ఇవ్వాలి. వేరియబుల్ పేరు (డాట్ ఎన్వ్ ఫైల్‌లో పాస్‌వర్డ్‌కి ముందు రాసే పేరు) కూడా 'జిగ్బీటుఎంక్యూటీటీ_కాన్ఫిగ్_ఎంక్యూటీటీ_పాస్‌వర్డ్' అనే ఉండాలి, అంతా క్యాపిటల్స్‌లో. ఇంకోటి, రీస్టార్ట్ పాత విలువలతోనే అదే కంటైనర్‌ని లేపుతుంది. 'డాకర్ కంపోజ్ అప్ మైనస్ డీ' కొడితేనే కొత్తది తయారవుతుంది.

అడిగినవారు:
చేశాను. కంటైనర్ లోపల 'ఎన్వ్' కొట్టి చూస్తే వేరియబుల్ కనిపిస్తోంది, కానీ పాస్‌వర్డ్ సగమే ఉంది! మధ్యలో డాలర్ గుర్తు ఉంది, దాని తర్వాతి అక్షరాలన్నీ పోయాయి.

మరో జవాబు:
డాలర్ తర్వాత ఉన్నది ఇంకో వేరియబుల్ పేరని కంపోజ్ అనుకుని, అలాంటిది లేదు కాబట్టి అక్కడ ఖాళీ పెట్టేసింది. విలువ మొత్తాన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టండి, డబుల్ కోట్స్ పనికిరావు, వాటిలోనూ డాలర్‌ని అలాగే చదువుతుంది. అదే పాస్‌వర్డ్ నేరుగా కంపోజ్ ఫైల్‌లో రాస్తే మాత్రం డాలర్ రెండుసార్లు వేయాలి. కంపోజ్ ఫైల్‌లో 'ఎన్విరాన్‌మెంట్' కింద పాత లైన్ మిగిలి ఉందేమో కూడా చూడండి, రెండు చోట్లా ఉంటే ఆ 'ఎన్విరాన్‌మెంట్' లైనే గెలుస్తుంది. 'డాకర్ కంపోజ్ కాన్ఫిగ్' కొడితే చివరికి ఏ విలువ వెళ్తోందో తెలుస్తుంది, కానీ పాస్‌వర్డ్‌లు అన్నీ బయటికి కనిపిస్తాయి, ఆ అవుట్‌పుట్ దయచేసి ఇక్కడ పెట్టకండి.

అడిగినవారు:
సింగిల్ కోట్స్ పెట్టి మళ్లీ 'అప్' కొట్టాను, 'కనెక్టెడ్ టు ఎంక్యూటీటీ సర్వర్' అని వచ్చింది, హాల్లో లైటు వెలిగింది. ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. గిట్ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) డాట్ ఎన్వ్ పేరు ఇప్పుడే చేర్చాను, ఆ తర్వాతే మొదటి కమిట్.